తాతా, ఇది చుక్‌చుక్ అనడం లేదే

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

సాయంత్రం కొడుకునూ కోడలినీ మనవరాలినీ వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. బండి మన చిత్తూరు నుంచే బయల్దేరుతుంది కాబట్టి హడావుడి ఉండదు. సామాన్లు సర్దేశాక కూడా టైముంది. మనవరాలు ఇంజన్ చూస్తానంది. వేలు పట్టుకుని ప్లాట్‌ఫాం చివరిదాకా నడిపించాను.

ఎలక్ట్రిక్ ఇంజన్ గుంయ్‌మంటూ నిలబడి ఉంది. పిల్ల కాసేపు చెవి ఒగ్గి విని, "తాతా, ఇది చుక్‌చుక్ అనడం లేదే?" అంది.

బడిలో రైలాట ఆడేటప్పుడు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని చుక్‌చుక్ అంటూనే పోతారంట. ఆరేళ్ల పిల్ల. పుట్టాక ఒక్కసారైనా వినని చప్పుడును ఇంత నమ్మకంగా నోటితో చేస్తోంది. నాకు గొంతు పట్టేసినట్టయింది. దాని ముందర అక్కడే కూర్చుని చెప్పాను: ఇంజన్‌కు అటొకటి ఇటొకటి సిలిండర్లు. ఒక్కోదాంట్లో ఆవిరి పిస్టన్‌ను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తోస్తుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతుంది. ఆ జిమ్మడమే చుక్. అంటే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు నాలుగు చుక్‌లు. నా అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టి లెక్కపెట్టుకుంది.

దానికి చెప్పనిది ఒకటుంది. అలా పైకి పోయే ఆవిరి తన వెంట పొగను లాక్కుపోతుంది, ఆ లాగుడుకు నిప్పులోకి గాలి వచ్చిపడుతుంది. బరువు ఎంత ఎక్కువైతే నిప్పు అంత రాజుకుంటుంది. నాకు ఆవిరి ఇంజన్ మీద ఇప్పటికీ తీరని గౌరవం అందుకే. కష్టపడేకొద్దీ బలం పుట్టించుకునే యంత్రం అది.

డెబ్బైల్లో మా ఇల్లు స్టేషన్ వెనక వీధిలో. నాయన బెల్లం మండీలో గుమాస్తా. వారమంతా లెక్కల పుస్తకాల్లో మునిగిపోయే మనిషి, ఆదివారం పొద్దున మాత్రం నాకోసం. అప్పుడు ఇక్కడంతా మీటర్ గేజి, రెండు పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరే. కాట్పాడి వైపు నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికి బండ్లు పోయేవి. తిరుగు బండ్లలో కిటికీకొక గుండు, గుండు మీద గంధం.

ఎక్స్‌ప్రెస్‌కు వైపీ ఇంజన్ కట్టేవాళ్లు. వై అంటే మీటర్ గేజి, పీ అంటే ప్యాసింజరు. గూడ్సుకు వైజీ. ప్లాట్‌ఫాం దిగి పక్కన నేల మీద నిలబడితే వైపీ పెద్ద చక్రం నాలుగున్నర అడుగులు, నాకంటే ఎత్తు. నూనె, మసి కలిసి నల్లగా మెరిసే ఆ చక్రాన్ని కలిపే ఉక్కు కడ్డీ నా తొడంత లావు. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ ఊరికే ఉండేది కాదు. ఎక్కడో టప్‌టప్‌మని వేడినీళ్లు కారేవి, ఇంకెక్కడో సన్నగా ఈల. ఫైర్‌మన్ తలుపు తెరిచి పారతో బొగ్గు విసిరినప్పుడల్లా నాయన పంచె మీద ఎర్రటి వెలుగు పడేది.

"దూరంగా ఉండబ్బా, ఆవిరి కొడతాది" అనేవాడు నాయన. అంటూనే తానే ఒక అడుగు ముందుకేసేవాడు.

లెక్కల నోట్సు వెనక పేజీల్లో వైపీ ఇంజన్ నంబర్లు రాసుకునేవాణ్ణి. అన్నీ 2తోనే మొదలయ్యేవి, ఎందుకో తెలిసేది కాదు. చాలా ఏళ్లకు చదివాను: వైపీలు మొత్తం 871, నంబర్లు 2000 నుంచి 2870 దాకా. నేను పట్టుకున్నవి 41. ఆ నోట్సు ఇల్లు మారినప్పుడు పోయింది. అంకెల్లో ఒకటి కూడా గుర్తులేదు, అది మాత్రం బాధే.

చప్పుడు మాత్రం పోలేదు. బండి కదిలేటప్పుడు మొదటి నాలుగూ విడివిడిగా, ఒక్కోదానికీ మధ్య గుక్క తిప్పుకునేంత ఎడం. వానపడి పట్టాలు తడిసినప్పుడు చక్రం జారి ఒక్కసారిగా చకచకచకమని పొగ ఎగిసేది. డ్రైవర్ ఆవిరి తగ్గించి, పట్టాల మీద ఇసుక వదిలి మళ్లీ మొదలుపెట్టేవాడు. రాత్రి పడుకుని వింటూ "జారింది" అనేవాడు నాయన. మళ్లీ పట్టు దొరికి ఆ నాలుగూ నింపాదిగా వినిపిస్తే "ఆ, పోతాది" అని అటు తిరిగి పడుకునేవాడు.

అమ్మకు ఇవేవీ పట్టవు. ఆమె లెక్కలో రైలంటే కంట్లో పడే బొగ్గు నలుసు. కొంగు ఉండచుట్టి నోటి ఆవిరితో వెచ్చచేసి కంటికి అద్దేది. ఆ ఆవిరీ గుర్తుంది నాకు.

ఇప్పుడు మన దారి పెద్ద గేజి, కరెంటు లైను. తిరుపతి-పాకాల-కాట్పాడి 104 కిలోమీటర్లకు రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. రావలసిందే, ఒంటి లైను మీద క్రాసింగుల కోసం పడిగాపులు చాలా పడ్డాం.

బండి కదిలింది. కిటికీలోంచి పిల్ల నాలుగు వేళ్లు చూపించి చెయ్యి ఊపింది. ఇంటికొచ్చి కొడుక్కు ఫోన్ చేశాను, వేసవి సెలవుల్లో మేట్టుపాళయం పోదామని. ఊటీ బండిని అక్కడి నుంచి కూనూరు దాకా ఇప్పటికీ ఆవిరి ఇంజనే ఎక్కిస్తుంది. అదీ మీటర్ గేజే. కొండెక్కే ఇంజన్, పళ్ల చక్రంతో పాకుతూ పోతుంది, మన వైపీ పరుగు దానికి లేదు. అయినా ఆవిరి ఆవిరే.

మొదటిసారి కూత విన్నప్పుడు నేను నాయన పంచెలో మొహం దాచుకున్నానంట. పిల్ల జడుసుకుంటే పట్టుకోవడానికి ఆ రోజు నేనూ పంచే కట్టుకుపోతాను.