ఎనిమిది మీటర్ల స్థలంలో ఆరు ఇళ్లు

మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక దూరంలో మాకో చిన్న స్థలం ఉంది. వెడల్పు 8 మీటర్లు, లోతు 25. అమ్మేయమని చాలామంది చెప్పారు. కానీ తెల్లవారకముందే పనికి బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను. వాళ్లు అద్దె కట్టుకోగలిగే ఇళ్లే అక్కడ కట్టాలని పట్టుబట్టాను.

మొదటి ప్లాన్‌లోనే దెబ్బ తగిలింది. ఇరుపక్కలా మీటరున్నర చొప్పున వదిలితే మిగిలేది 5 మీటర్లు. కింది అంతస్తు అంతా పార్కింగ్‌కే పోయింది. పై రెండు అంతస్తుల్లో నాలుగే ఇళ్లు. కారు నిలిపే చోటు, తిప్పుకునే దారి కలిపితే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. అంటే ఒక మనిషి బతకడానికి సరిపోయే చోటు! స్టేషన్ పక్కన ఇలా కట్టడం అన్యాయమనిపించింది.

బ్యాంకులోనూ ఆ ప్లాన్ నిలబడలేదు. అద్దెల్లోంచి నిర్వహణ, పన్నులు, ఇళ్లు ఖాళీగా ఉండే నెలలు తీసేశాక మిగిలేది కిస్తీలకు కనీసం 1.2 రెట్లు ఉండాలన్నారు. మాది 0.82 వచ్చింది.

స్టేషన్‌కు దగ్గరి స్థలాలకు పార్కింగ్ మినహాయింపు ఉందని ఆర్కిటెక్ట్ చెప్పాక లెక్క మారింది. మధ్యలో ఒకే మెట్లు, అంతస్తుకు ముందొక ఇల్లు, వెనకొకటి. కారిడార్ లేదు కాబట్టి వృథా తక్కువ, ప్రతి ఇంటికీ మూడు వైపుల నుంచి గాలీ వెలుతురూ. మూడంతస్తుల్లో ఆరు ఇళ్లు, ఒక్కోటి 39 చదరపు మీటర్లు. అయినా బ్యాంకు లెక్కలో 1.07 దగ్గరే ఆగాం. గృహనిర్మాణ నిధి పెట్టిన పరిమితికి మించి 20 ఏళ్లు అద్దె పెంచనని రాసిచ్చి, ఆ నిధి నుంచి తక్కువ వడ్డీకి రెండో అప్పు తెచ్చాను. బ్యాంకు అప్పు ఆ మేరకు తగ్గి 1.24 వచ్చింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. అనుమతి ఐదు నెలలు ఆలస్యమైంది. అప్పటికే స్థలం మీద తీసుకున్న అప్పుకు వడ్డీ నడుస్తోంది. బ్యాంకేమో పని పూర్తయినంత మేరకే విడత విడుదల చేస్తుంది. కాంట్రాక్టర్‌కు మాత్రం ముందే ఇవ్వాలి. విడిగా ఉంచిన పది శాతం అత్యవసర నిధే మమ్మల్ని ఆదుకుంది. మీరు మొదలుపెడితే ఆరు నెలల వడ్డీని ఖర్చులో ముందే వేసుకోండి.

ఇప్పుడు ఆరు ఇళ్లూ నిండాయి. కింది ముందింట్లో ఉండే నర్సు రాత్రి డ్యూటీ ముగించుకుని నడిచే ఇంటికొస్తుంది.