పంచాయతీ, పవర్ ప్లాంటు, ఈఐఏ: మెయిన్స్‌లో నా మార్కులు పోయిన చోటు

రిజల్ట్ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాను. నెల్లూరు, ఒంగోలు స్టడీ హాళ్లలో ఇంకా కుస్తీ పడుతున్న మిత్రుల కోసం ఒక్క టాపిక్ మీదే రాస్తున్నా. గ్రూప్-1 మెయిన్స్ అయిదో పేపర్ కోసం ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) అందరం చదువుతాం. దానికి స్థానిక సంస్థల్నీ ఇంధనాన్నీ కలిపి అడిగితేనే జవాబు చెదిరిపోతుంది. కిందటిసారి నేను ‘పంచాయతీ తీర్మానం లేనిదే థర్మల్ ప్లాంటుకు అనుమతి రాదు’ అని రాశాను. ఆ ఒక్క వాక్యంతో జవాబంతా పోయింది.

2006 సెప్టెంబర్ 14 ఈఐఏ నోటిఫికేషన్‌లో ఉన్నది వేరు. బొగ్గు ప్లాంటు 500 మెగావాట్లు, ఆపైన ఉంటే ‘ఏ’ కేటగిరీ, అనుమతి కేంద్రానిది. నెల్లూరు జిల్లా నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్టే 800 మెగావాట్లు, అంటే అది ‘ఏ’ కేటగిరీయే. ప్రజాభిప్రాయ సేకరణ జరిపేది కాలుష్య నియంత్రణ మండలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. 30 రోజుల ముందు నోటీసు, స్థానిక భాషలో సారాంశం తప్పనిసరి. ముసాయిదా నివేదిక జిల్లా పరిషత్‌లో కూడా చూడొచ్చు. కోరం లేదు, ఓటింగూ లేదు. అయితే సభలో వచ్చిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలన్నిటికీ తుది నివేదికలో కంపెనీ జవాబు చెప్పి తీరాలి. పంచాయతీ బలం అక్కడుంది. బూడిద చెరువు ఊట, సముద్రంలోకి వదిలే నీటి వేడి లాంటివి రాతపూర్వకంగా ఇస్తే రికార్డులో నిలుస్తాయి. ఇది జవాబులో కచ్చితంగా రాయండి.

గ్రామసభ సమ్మతి అనే మాట అటవీ హక్కుల చట్టం, పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), ఒడిశా బాక్సైట్ గనిపై 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన నియమగిరి తీర్పు, వీటి నుంచి మన బుర్రలోకి వచ్చింది. నెల్లూరు, ప్రకాశం రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతాలు కావు, ఇక్కడ పెసా వర్తించదు.

జవాబులో రెండో సగం ప్రణాళిక. పంచాయతీల అంశాలున్న రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో 14వ అంశం గ్రామీణ విద్యుదీకరణ, 15వది సంప్రదాయేతర ఇంధనం. మున్సిపాలిటీల 12వ దాంట్లో ఇంధనం వైపు వీధి దీపాలే ఉన్నాయి. జిల్లా ప్రణాళికా కమిటీ పర్యావరణ పరిరక్షణను దృష్టిలో పెట్టుకోవాలని రాజ్యాంగం 243జడ్‌డీ అధికరణ చెబుతుంది. కానీ ప్రణాళిక దశలోనే మదింపు చేయాలని మన దగ్గర చట్టం లేదు, ఈఐఏ ప్రాజెక్టుకే. విమర్శ ఇక్కడ పెట్టండి. సోలార్ ఫొటోవోల్టాయిక్‌కు ఈఐఏ అనుమతి అక్కర్లేదు కాబట్టి, పశువుల మేత భూమి ఎంత పోతుంది, కనిగిరి లాంటి ఫ్లోరైడ్ ప్రాంతంలో ప్యానెళ్లు కడిగే నీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్నలు అడిగేవాళ్లు ఉండరు. చీమకుర్తి క్వారీల దుమ్ము పక్కనైతే ఇంకా ఎక్కువసార్లు కడగాలి.

మూల నోటిఫికేషన్‌కు నాలుగు రోజులు పెట్టానని టైం వేస్ట్ అన్నారు. కాదు, నోట్స్‌ల మీదే ఆధారపడటం వల్లే ఆ తప్పు జరిగింది. చదివింది చదివినట్టు పట్టుకోవాలంటే మూలం దగ్గర కూర్చోవాల్సిందే.

ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్, సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ) 2019 నోటిఫికేషన్ ఒక్కో పేజీ చాలు. ఇళ్లపై సోలార్ పెట్టుకునే పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ, జిల్లాకొక మోడల్ సోలార్ గ్రామం గుర్తుంటే స్థానిక సంస్థల పేరాకు ఉదాహరణ దొరికినట్టే.