పురుగులకు కూడా కౌలు

హన్మకొండలో ఎంబీఏ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో సస్టెయినబిలిటీ అని ఒక పేపర్ ఉంది, మార్కులు ఈజీగా పడతాయని సీనియర్లు చెప్తే తీసుకున్నా. మొదటి రెండు వారాలు పేర్లు, సంవత్సరాలే. వ్యాపారానికి సామాజిక బాధ్యత అంటే లాభం పెంచుకోవడమేనని 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ రాశాడట, కాదు, కంపెనీ చేసే పని ఎవరెవరికి తగులుతుందో వాళ్లందరూ లెక్కలోకి రావాలని 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ అన్నాడట. మన దగ్గరైతే 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్, పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మిగతా 98 శాతం ఎట్లా వచ్చిందని మాత్రం ఆ సెక్షన్ అడగదు. రాసుకున్నా, బట్టీ పట్టా, అయిపోయింది అనుకున్నా.

తర్వాత సారు ఒక పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న ఏదో ఒక సరుకు తీసుకుని దాని చుట్టూ ఎవరెవరున్నారో గీసుకు రమ్మన్నారు. క్లాసులో అందరూ ఫోన్లు, షాంపూలు. నేను పత్తి విత్తనాల ప్యాకెట్ తీసుకున్నా, ఎందుకంటే పరకాల దగ్గర మా ఇంట్లో అవి కట్టలు కట్టి ఉంటాయి. విత్తనం మొలవకపోతే నష్టపరిహారం అడగాలంటే ఖాళీ ప్యాకెట్, బిల్లు రెండూ చూపించాలి కాబట్టి బాపు ఏదీ పారెయ్యడు.

ఒక్కటి తప్ప. ఇప్పుడంటే లేదు గానీ, నా చిన్నప్పుడు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇంకోటి వచ్చేది, అందులో మామూలు పత్తి గింజలు. అది మాత్రం గట్టు మీదికి పోయేది. మేం పిల్లలం ఆ గింజలతో ఆడుకునేవాళ్లం.

అదెందుకిచ్చేవాళ్లో నాకు ఈ ఏడాది వరకు తెలియదు. 2002లో మన దేశంలోకి వచ్చిన బీటీ పత్తిలో పురుగును చంపే గుణం గింజలోనే ఉంటుంది. కానీ చేనంతా అదే వేస్తే తట్టుకుని బతికిన ఒకటీ అరా పురుగులు వాటిలో అవే జతకట్టి, ఆ గుణానికి లొంగని సంతానాన్ని కంటాయి. అందుకని చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, ఐదో వంతు భూమి గానీ, ఏది ఎక్కువైతే అంత, మామూలు పత్తి వేసి దాన్ని పురుగులకు వదిలెయ్యాలన్నది అప్పటి నిబంధన. అక్కడ హాయిగా పెరిగిన పురుగులు వచ్చి వీటితో కలిస్తే పుట్టేవి మళ్లీ లొంగుతాయి. చాలా తెలివైన ఆలోచన, నిజంగా.

పోయిన ఆదివారం ఇంటికెళ్లి బాపుకు ఇదంతా బోర్డు మీద చెప్పినట్టే చెప్పా. మాకు నాలుగెకరాలు, అందులో రెండు కౌలు. ఐదో వంతంటే 32 గుంటలు. బాపు బీడీ ఆర్పి, "అంటే పురుగులకు గూడ కౌలు మనమే కట్టాల్నా బిడ్డా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. విత్తనం పది కాలాలు పనిచేస్తే అందరికీ లాభమే, కంపెనీకి మరీ లాభం, కానీ దానికయ్యే ఖర్చు మాత్రం 32 గుంటల రూపంలో ఒక్క రైతు మీద పడింది. పక్క చేనాయన వెయ్యకుండా మనమొక్కరమే వేస్తే మనకు నష్టం, ఆయనకు లాభం. కంపెనీ చిన్న ప్యాకెట్ పెట్టింది, నిబంధన ప్రకారం దాని పని అయిపోయింది. అది గట్టు మీద పడిందా, చేలో పడిందా అని వచ్చి చూసినవాళ్లు మా ఊళ్లోనైతే ఎవరూ లేరు.

కొన్ని ప్యాకెట్లలో పత్తి బదులు కంది గింజలొచ్చేవి. అవి మాత్రం అమ్మ చేలో వేయించింది, పప్పుకైనా పనికొస్తాయని! తమాషా ఏంటంటే పత్తికాయ తొలిచే పురుగుల్లో పచ్చ పురుగు కంది మీద బతుకుతుంది గానీ గులాబీ రంగు పురుగు బతకదు, దానికి పత్తే కావాలి. చివరికి బీటీని ఓడించింది ఆ గులాబీ పురుగే. కాయ పైకి బాగానే కనిపిస్తుంది, విప్పితే లోపల దూది గోధుమరంగు గడ్డలా అంటుకుని, గింజ తొలిచి ఉంటుంది. ఆ గుడ్డి పత్తిని విడిగా ఏరడానికి కూలీ, ఏరినా ఎనుమాముల మార్కెట్లో దానికి రేటు రాదు.

ధర విషయంలో మాత్రం సమాజం ఊరుకోలేదు. ప్యాకెట్ పదహారొందల పైన అమ్మే రోజుల్లో, 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, వ్యాపారంలో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి పోరాడితే 750కి దిగింది. ధర కళ్లకు కనిపిస్తుంది, అడగొచ్చు. పురుగు మొండిబారడం ఏ బిల్లులోనూ కనిపించదు కదా.

ఇదే క్లాసులో చెప్తే ఒకబ్బాయి రైతులకు అవగాహన లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా బాపుకు లెక్క బాగానే అర్థమైంది, నీకే అర్థం కాలేదు అన్నాను. ముల్కనూరు సంగతీ చెప్పా: 1956 నుంచి నడుస్తున్న సహకార సంఘం అది, ఎరువులమ్మేదీ, పంట కొనేదీ సంఘమే, సంఘానికి ఓనర్లు మళ్లీ ఆ రైతులే. నష్టమొస్తే ఒకరి మీద తోసేసి పక్కకు తప్పుకునే వీలు అక్కడ తక్కువ. అన్ని వ్యాపారాలూ అట్లా నడుస్తాయా అని సారు అడిగారు. నడవవు, ఒప్పుకున్నా.

ఇప్పుడు ప్యాకెట్ 475 గ్రాములు, చిన్నది విడిగా రాదు, మామూలు గింజలు అందులోనే కలిపేస్తున్నారు. ఈ సంగతి చెప్తే బాపు ఒక ప్యాకెట్ చింపి గింజలు పళ్లెంలో పోశాడు. పురుగుల వాటా ఏదో చూద్దామని ఇద్దరం చాలాసేపు అటూ ఇటూ జరిపాం. అన్నిటికీ ఒకే రంగు పూసి ఉంది.