లూప్ 9 దగ్గర ఆగింది

మద్దిలపాలెంలోని మా ల్యాబ్‌లో ఈ మధ్యాహ్నం ఒక విద్యార్థిని, తెర మీద "తప్పు సమాధానం" అన్న ఎర్ర అక్షరాలు చూసి ప్రోగ్రాం మొత్తం చెరిపేయబోయింది. లోపం ఒక్కచోటే ఉంది: 1 నుంచి 10 వరకు కూడవలసిన లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగంలో) రేంజ్(1, 10) అని రాసినందువల్ల, రేంజ్‌లో చివరి సంఖ్యను కలుపుకోని పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 9 దగ్గరే ఆగి, 55 రావలసిన చోట 45 ఇచ్చింది.

ఆమె చేత అదే ప్రోగ్రాంను, విద్యార్థుల జవాబులను సరిచూసి మార్కులు వేసే పరీక్షా ప్రోగ్రాంకు ఇప్పించాను; అందులో నేను కొత్తగా సూచనలు చేర్చాను. "మీకు 45 వచ్చింది, రావలసింది 55. లూప్ చివరిసారి తిరిగినప్పుడు ఐ (లూప్‌లో మారుతూ పోయే సంఖ్య) విలువ ఎంతో ప్రింట్ చేసి చూడండి" అన్నది అది. ఆ అమ్మాయి ప్రింట్ చేసింది, 9 చూసింది, నన్ను పిలవకుండానే 10ని 11గా మార్చింది. ఎంత సంతోషం కలిగిందో!

2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి పైథాన్ మూయని బ్రాకెట్టును చూపిస్తోంది, పేరులో అక్షరం తప్పితే దగ్గరి పేరును సూచిస్తోంది. ఇటువంటి తర్కదోషాలు మాత్రం దానికి అందవు. ప్రోగ్రాం నిక్షేపంగా నడుస్తుంది, జవాబే తప్పుతుంది. నిండిన ల్యాబ్‌లో ప్రతి ఒక్కరి పక్కన కూర్చోవడం ఏ అధ్యాపకుడికీ సాధ్యం కాదు కనుక, పరీక్షా ప్రోగ్రాంలు రాసేవారు మార్కుల మీద పెట్టే శ్రద్ధ ఆ ఒక్క సూచన మీద కూడా పెట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

రేపు ఖాళీ జాబితా ఇచ్చినప్పుడు వచ్చే తప్పులకు సూచనలు రాయాలి.