మార్గళి కచేరీలకు మూడు రోజులు చెన్నై వెళ్తున్నారా?

మార్గళి, అంటే మన ధనుర్మాసంలో సాగే కర్ణాటక సంగీత కచేరీల డిసెంబరు సీజన్‌కి చెన్నై వెళ్లే మనవాళ్లు చాలామంది పేరున్న విద్వాంసులందరినీ మూడు రోజుల్లో వినేయాలని చూస్తారు. ఇక్కడ సగం, అక్కడ సగం వింటారు. ఆఖరికి ఒక్క కచేరీ కూడా పూర్తిగా విన్నట్టు ఉండదు. నాలుగు గంటలకు మొదలైన కచేరీ ఆరు దాటాకే ముగుస్తుంది. సాయంత్రం పెద్ద కచేరీ ఆరున్నరకో, కాస్త అటూఇటుగానో మొదలవుతుంది. ఆ వేళ టీటీకే రోడ్డు నుంచి టీ నగర్ చేరడానికి ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. కచేరీలో అసలు సరుకు, అంటే ప్రధాన రాగం ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం), సాధారణంగా మొదటి గంటా గంటంపావు గడిచాక వస్తుంది. ముందే లేచిపోతే అదే పోతుంది. అందుకే నా సలహా రోజుకు రెండు కచేరీలు, అవీ నడిచి వెళ్లగలిగే దూరంలో.

ఆ నడకదూరం దొరికేది ఆళ్వార్‌పేట, మైలాపూరుల్లో. కచేరీలు పెట్టే సంస్థల్ని ఇక్కడ సభలంటారు. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే. మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్, రసిక రంజని సభ, తూర్పు మాడవీధిలోని భారతీయ విద్యాభవన్ దగ్గర్లోనే ఉంటాయి. టీ నగర్‌లో కృష్ణ గాన సభ, వాణీ మహల్ ఉన్నాయి. వాటికి ఒక రోజంతా విడిగా కేటాయించండి. బసకు డాక్టర్ రాధాకృష్ణన్ సాలైలోని న్యూ ఉడ్‌ల్యాండ్స్ లాంటి చోట్లు అనుకూలం, అకాడమీకి నడిచి వెళ్లొచ్చు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు గదులు ముందే పట్టేస్తారు కాబట్టి అక్టోబరులోనే చూసుకోవాలి.

అకాడమీ సీజన్ డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా. సభల కచేరీ పట్టికలు నవంబరులో బయటికొస్తాయి. పెద్ద పేర్ల సాయంత్రం కచేరీలకు టికెట్లు త్వరగా అయిపోతాయి, పట్టిక రాగానే కొనండి. దొరకకపోతే బెంగపడొద్దు. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. వాటిలో పాడేది కొత్త తరం, పదేళ్ల తర్వాత పెద్ద టికెట్ పెట్టి వినబోయే గొంతులు. అకాడమీలో పొద్దున్నే జరిగే సోదాహరణ ప్రసంగాలను మాత్రం వదులుకోవద్దు. ఒక రాగాన్నో, ఒక వాగ్గేయకారుడి శైలినో పట్టుకుని గంటసేపు పాడి, విప్పి చెబుతారు. సాయంత్రం వినబోయే కచేరీకి ఇంతకన్నా మంచి తయారీ లేదు.

తెలుగువాళ్లకు ఈ ఊళ్లో ఉన్న వరం సాహిత్యం, అంటే పాటలోని మాటలు. తిరువయ్యారులో బతికిన త్యాగరాజు (1767–1847) కృతుల్లో అత్యధికం తెలుగే. ఆయన కాలపు వాగ్గేయకారుడు శ్యామశాస్త్రివీ ఎక్కువ తెలుగే. పక్క సీటు తమిళ రసికుడికి రాగం మనకన్నా లోతుగా తెలిసి ఉండొచ్చు, కానీ మాట నేరుగా అందేది మనకే. అది బాగా పనికొచ్చే చోటు నెరవల్. కృతిలోంచి, ఎక్కువగా అనుపల్లవి నుంచో చరణం నుంచో, ఒక్క పంక్తి తీసుకుని, అవే మాటలను అదే తాళంలో కొత్త కొత్త పోకడలతో పది నిమిషాలదాకా పాడతారు. ఆ పంక్తిలో త్యాగరాజు రాముణ్ణి బతిమాలుతున్నాడా, నిలదీస్తున్నాడా అన్నది తెలిస్తే, గాయకుడు ఏ మాట మీద ఎందుకు ఆగాడో తెలుస్తుంది. తెలియకపోతే అది స్వరాల విన్యాసంగానే మిగిలిపోతుంది.

చిక్కేమిటంటే, ఏం పాడబోతున్నారో చాలామంది ముందుగా చెప్పరు. పైగా సాగదీసి పాడటంలో మాట మధ్యలో విరిగి, తెలిసిన తెలుగే తెలియనట్టు వినిపిస్తుంది. అందుకని త్యాగరాజ కీర్తనల పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకోండి, అకారాది సూచిక ఉన్నది. పల్లవి మొదటి మాట చెవిన పడగానే పేజీ దొరుకుతుంది. ఫోన్‌లో వెతకొద్దు. దీపాలు తగ్గించిన హాల్లో ఆ వెలుగు వెనక వరసల వాళ్ల కంట్లో గుచ్చుకుంటుంది.

ఎక్కడ కూర్చోవాలన్నదీ ముఖ్యమే. చాలా హాళ్లలో మైకు జోరు ఎక్కువ, స్పీకర్‌కి ఎదురుగా కూర్చుంటే వయోలిన్ కీచుమంటుంది. మధ్య వరసల్లో, కాస్త ఎడమకి జరిగి కూర్చోండి. సాధారణంగా మృదంగం వేదిక మీద మన ఎడమవైపు, వయోలిన్ కుడివైపు ఉంటాయి. కుడిచేతివాటం విద్వాంసుడు అలా కూర్చుంటే మృదంగం కుడి మూత మన వైపు తిరిగి ఉంటుంది, వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మొదలవగానే జనం కాఫీకి లేస్తారు. మీరు లేవకండి. చేత్తో తాళం వేస్తూ సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, ఎక్కడ పడుతుందో పట్టుకుంటే లెక్కలు వాటంతటవే విచ్చుకుంటాయి. బయటికి వెళ్లాల్సి వస్తే రెండు పాటల మధ్యలోనే. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా తప్పనిసరి.

తిండికి సభల క్యాంటీన్లు చాలు. కచేరీ టికెట్ లేకపోయినా వెళ్లి తినొచ్చు. ఆకు భోజనానికి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర వరకు బారులుంటాయి. పన్నెండుకే వెళ్లండి. సాయంత్రం అడై అవియల్, అరటిపువ్వు వడ కావాలంటే ఐదుకే వెళ్లాలి, ఆరుకి వెళ్తే వరసలోనే కచేరీ మొదలైపోతుంది. తెల్లవారుజామున మైలాపూర్ కపాలీశ్వరాలయం మాడవీధుల్లో భజన బృందాలు పాడుకుంటూ తిరుగుతాయి. ఇది టికెట్టూ కుర్చీలూ లేని సంగీతం, ఒక్క పొద్దయినా చూడాల్సిందే. గుడి మధ్యాహ్నం మూసేసి నాలుగుకి తెరుస్తారు, కాబట్టి దర్శనం కూడా ఆ పొద్దునే ముగించుకోవచ్చు. వైకుంఠ ఏకాదశి ఏ రోజో పంచాంగంలో చూసుకోండి. ఆ రోజు ట్రిప్లికేన్ పార్థసారథి గుడి చుట్టూ దారులన్నీ కిక్కిరిసిపోతాయి.

డిసెంబరు మొదటి సగంలో వానలకీ తుపానులకీ అవకాశం ఎక్కువ. 20 తర్వాత పెట్టుకుంటే మేలు, గొడుగు మాత్రం తప్పదు. సెంట్రల్‌లో దిగితే ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలెక్కి తిరుమయిలై (మైలాపూర్ స్టేషన్)లో దిగండి. మెట్రో రెండో దశ తవ్వకాలతో మైలాపూర్ దారులు మళ్లిస్తున్నారు, ఆటోలో కన్నా ఈ రైలు నయం. రాత్రి కచేరీ విడిచాక గేటు ముందు ఆటో బేరమాడొద్దు, రెండు వందల మీటర్లు నడిచాక యాప్‌లో పిలవండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. క్రిస్మస్ సెలవులు, శబరిమల యాత్ర కలిసొచ్చే వారాలు కాబట్టి మొదటి రోజే కొనాలి. విజయవాడ నుంచి పొద్దున పినాకిని ఎక్కితే సాయంత్రం కచేరీకి అందుకోవచ్చు. హైదరాబాద్ తిరుగు ప్రయాణానికి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అది సెంట్రల్ నుంచి కాదు, తాంబరంలో మొదలై ఎగ్మూర్ మీదుగా సాయంత్రమే వెళ్లిపోతుంది. ఆఖరి రోజుకి పొద్దుటి ప్రసంగం, మధ్యాహ్నం కచేరీ మాత్రమే పెట్టుకోండి.