కేసు కొట్టేసినా రికార్డు ఉండిపోతుంది

విజయనగరం కోర్టులో కేసు కొట్టేశారనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అరెస్టప్పుడు తీసిన రక్తం, వేలిముద్రలు ఏమయ్యాయని అడిగేవాళ్లు తక్కువ.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం ఆ వివరాలు తీసుకున్న రోజు నుంచి 75 ఏళ్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) దగ్గర ఉంటాయి. పాత శిక్ష లేనివాళ్లని కేసు నుంచి విడుదల చేస్తే, అప్పీళ్లన్నీ ముగిశాక చెరిపేయాలి. వద్దంటే కోర్టు కారణం రాసి చెప్పాలి. కాబట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఈ పని చూడ్డానికి రాష్ట్రం నియమించిన నోడల్ అధికారికి, రికార్డు చెరిపేయమని అర్జీ పెట్టండి. రసీదు మరిచిపోవద్దు.

బ్రిటన్‌లో 2012 చట్టం వచ్చాక, డీఎన్‌ఏ ప్రొఫైల్ (మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ వివరాలు) తయారైతే, తీసిన అసలు నమూనాని 6 నెలల్లోపు నాశనం చెయ్యాలి. అంత స్పష్టమైన గడువు మనకీ కావాలి. డీఎన్‌ఏ వాడకాన్ని నియంత్రించే మన బిల్లునేమో 2023లో వెనక్కి తీసుకున్నారు.

ఇంకోటి, సాక్ష్యంగా తీసుకున్న రక్తపు తడి గుడ్డని ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే లోపల చెమ్మ పట్టి, సూక్ష్మజీవులు పెరిగి డీఎన్‌ఏ పాడవుతుంది. శ్రీకాకుళం తీరం ఉక్కలో మరీను. నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టి సీలు వెయ్యాలి. నమూనా 48 గంటల్లోపు ల్యాబుకి చేరాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టర్లో ఉందా లేదా, డిఫెన్స్ లాయరు ముందు అదే చూడాలి.