నెలకు ఎన్ని చేస్తారు?

మా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే రెండు పార్టీలు లేస్తాయి. చిన్న ఆసుపత్రిలో అయితే మనిషిని మనిషిలా చూస్తారనేది మా ఆవిడ పార్టీ. పెద్ద ఆసుపత్రిలో అన్నీ ఉంటాయనేది మా బావమరిది పార్టీ. నా కళ్లు పచ్చబడ్డప్పుడు పక్కింటివాళ్లు మూడో పార్టీ పెట్టారు: కామెర్లకు పసరు పోయించమని. చలిజ్వరంతో వణికేవాడికి ఓటు ఉండదు. దగ్గరలో ఉందని విశాఖ గాజువాకలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లారు.

పట్టుమని ఇరవై పడకలు కూడా లేవక్కడ. డాక్టరుగారు స్కానింగ్, రక్తపరీక్షలు చేయించి, సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ మొదలుపెట్టించారు. "మాస్టారూ, పిత్తాశయంలోని రాయి జారి నాళంలో ఇరుక్కుంది, ఇన్ఫెక్షన్ కూడా వచ్చింది. ఎండోస్కోపీ గొట్టం పంపి తీయాలి, ఈఆర్‌సీపీ అంటారు. నా దగ్గర ఆ ఏర్పాటు లేదు. ఈ రాత్రే బయలుదేరండి" అన్నారు. చేతికొచ్చిన రోగిని అంత త్వరగా వదులుకున్న ఆయనంటే నాకు చాలా గౌరవం.

అంబులెన్సు ఎన్ఏడీ కూడలి దాటుతుంటే బావమరిది ముఖంలో గెలిచిన కళ. నిజానికి గెలిచాడు కూడా. ఆ వేళప్పుడు గ్యాస్ట్రో వైద్యుడు, మత్తు డాక్టరు, ఎక్స్‌రే యంత్రం, ఐసీయూ పడక అన్నీ ఒకచోట దొరకడం చిన్నచోట అయ్యే పని కాదు. రాయి తీసి, నాళం మూసుకుపోకుండా స్టెంటు అనే చిన్న గొట్టం పెట్టారు. జ్వరం దిగింది.

కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త డాక్టరు, అవే పాత ప్రశ్నలు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చినప్పుడు నా షుగరు మాత్ర చీటీలోంచి జారిపోయింది. పట్టుకున్నది మా ఆవిడ. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు, కానీ నా కథ మొత్తం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

మా అన్నయ్య కూతురు ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువుతోంది, వెయ్యికి పైగా పడకలున్న కేజీహెచ్ వార్డుల్లో తిరిగే పిల్ల. "బాబాయ్, పడకలు లెక్కపెట్టకు, నీకు చేసే పని అక్కడ ఎంత తరచుగా జరుగుతుందో అడుగు" అంది. 1979లో ఆరోగ్య ఆర్థికవేత్త హెరాల్డ్ లఫ్ట్ బృందం అమెరికాలో 12 రకాల ఆపరేషన్లను పరిశీలించిందట. గుండె శస్త్రచికిత్సల వంటివి ఏడాదికి 200 లేదా అంతకు మించి చేసే ఆసుపత్రుల్లో మరణాలు, కొద్దిగా చేసేచోట్ల కంటే 25 నుంచి 41 శాతం తక్కువ. తుంటి కీలు మార్పిడి విషయంలో మాత్రం 50 నుంచి 100 చేసేచోట కూడా ఫలితం దాదాపు అంతే బాగుంది.

మళ్లీ రాయి జారకుండా పిత్తాశయం తీయించుకునే వేళకు ఆ ప్రశ్ననే పట్టుకుని గాజువాక వెళ్లాను. "నెలకు ఎన్ని చేస్తారు?" డాక్టరుగారు నొచ్చుకోలేదు. ఆపరేషన్ థియేటరు రిజిస్టరు తెప్పించి నా ముందు పెట్టారు. పేజీ పేజీకీ అవే లాపరోస్కోపీ కేసులు. అక్కడే చేయించుకున్నాను. కోలుకున్నాక కారం తగ్గించమన్నారు. ఆవకాయ సంగతి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

స్టెంటు తీయించుకోవడానికి మళ్లీ పెద్ద ఆసుపత్రికే వెళ్లాను. పాత జబ్బులేమిటి, ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు అని మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి అన్నీ కాగితం మీద రాసుకుని మూడు ప్రతులు తీసుకెళ్లాను. మూడూ ఖర్చయ్యాయి.